చెరసాలను నమ్ముకొన్న ఊరు

చిన్న పట్టణముల పురపాలక సమావేశములకు ప్రేక్షకులుగా పోవు అలవాటు మనలో ఎక్కువమందికి లేదు. అచ్చట ముచ్చటించు విషయములు కావ్యగోష్ఠికి పనికివచ్చునవి కావు. మురుగుకాలువకు ఎంత వ్యయము, వీధిదీపమునకు ఎంత, నీటిపన్ను బాకీదారులెవరు, ఫలానా సందులోని గుంత ఎన్నటికి పూడును - ఇంతే. అయినను ఒక ఊరి బ్రతుకు ఎట్లున్నదో తెలియగోరువాడు అంగడిని, బడిని చూచిన పిమ్మట చూడవలసిన చోటు ఆ సమావేశపు గదియే యని నా అభిప్రాయము. ఆ గదిలో కూర్చుండు పెద్దలకు ఊరిలోని ప్రతి గుంతమీదను అధికారము కలదు. ఊరికి అన్నము పెట్టుచున్న సంస్థమీద మాత్రము ఒక్కొక్కప్పుడు ఇసుమంత అధికారమును ఉండదు. అమెరికాలోని ఒక మారుమూల పట్టణమునకు ఈ సంగతి 2021వ సంవత్సరములో తెలిసివచ్చినది. ఆ పట్టణమునకు అన్నము పెట్టుచుండినది ఒక చెరసాల.

పట్టణము పేరు సూసన్‌విల్. అది కాలిఫోర్నియా రాష్ట్రములోనిది. కాలిఫోర్నియా యనగానే మనకు స్ఫురించునవి హాలీవుడ్ చలనచిత్రములు, సాన్‌ఫ్రాన్సిస్కో వంతెన, మన పిల్లలు ఉద్యోగములు చేయుచున్న కంప్యూటరు సంస్థలు. ఈ ఊరు ఆ కాలిఫోర్నియాలోనిదని తోచదు. రాష్ట్రపు ఈశాన్య మూలలో, పడమటినుండి దిగివచ్చు పైన్ అడవులును తూర్పునుండి ప్రాకివచ్చు ఎడారి పొదలును కలిసికొను చోట, సముద్రమట్టమునకు నాలుగువేల అడుగులకు పైగా ఎత్తున ఉన్నది. రాజధాని శాక్రమెంటో దాదాపు 200 మైళ్ల దూరము. పొరుగు రాష్ట్రమైన నెవాడాలోని రీనో నగరము అందులో సగము దూరమైనను లేదు.

1854లో ఐజక్ రూప్ అనునతడు ఇచ్చట ఒక దుంగల ఇల్లు కట్టెను. ఊరికిని, ఊరి ప్రక్కన పారు ఏటికిని అతని కుమార్తె సూసన్ పేరే వచ్చినది. ఆ కాలమున ఇచ్చటి వలసదారులు తాము కాలిఫోర్నియాలో లేమనియే వాదించుచుండిరి. నెవాడా ప్రాంతమునకు తాత్కాలిక గవర్నరుగా రూప్‌గారినే ఎన్నుకొనిరి కూడ. ఈ సరిహద్దు తగవు 1863లో తుపాకులు ప్రేలువరకు వచ్చినది. పిమ్మట సర్వేవారు కొలిచి చూడగా ఊరు కాలిఫోర్నియాలోనే యున్నట్లు తేలినది! 1900లో దానికి నగరపు హోదా లభించెను. దూరపు రాజధాని తమ మాట వినిపించుకొనదను గొణుగుడు ఆ ఊరికి పుట్టుకతోనే వచ్చినదని చెప్పవచ్చును.

ఈ నగరమును ఏలునది అయిదుగురు సభ్యుల కౌన్సిలు. ప్రజలు సభ్యులను ఎన్నుకొందురు. సభ్యులు తమలో ఒకరిని మేయరుగా ఎంచుకొందురు. నిత్యపాలన జీతము తీసికొను నిర్వహణాధికారి చేతిలో ఉండును. నగరము తానే స్వయముగా నీటిని, వంటకును చలిమంటకును కావలసిన సహజవాయువును గొట్టముల ద్వారా ఇండ్లకు సరఫరా చేయును. ఒక చిన్న విమానాశ్రయము కూడ దాని పాలనలో ఉన్నది. ఇట్టి కౌన్సిళ్ల సమావేశము నడచు తీరు ఆ దేశములో దాదాపు ఒక్కటే. మొదట జాతీయ పతాకమునకు వందనము. ఆపైన గత సమావేశపు నివేదిక, చెల్లింపవలసిన బిల్లులు మొదలగు చిల్లర విషయములను చర్చ లేకయే ఒక్క ఓటుతో ఆమోదించుట. తరువాత రోడ్లు, పన్నులు, అద్దెలు, అగ్నిమాపక దళపు అవసరములు. మధ్యలో పౌరులు లేచి మాటాడుటకు కొంత వ్యవధి.

ఈ పౌరుల మాటను గూర్చి ఒక విశేషము చెప్పవలెను. 1953లో కాలిఫోర్నియా శాసనసభ ఒక చట్టము చేసినది. దానిని ప్రతిపాదించిన సభ్యుడు రాల్ఫ్ బ్రౌన్ పేరుమీదుగా బ్రౌన్ చట్టమని వ్యవహరింతురు. దాని ప్రకారము స్థానిక సభలన్నియు బహిరంగముగా జరుగవలెను. నేడు అమలులోనున్న నిబంధననుబట్టి సాధారణ సమావేశపు కార్యక్రమ పత్రమును 72 గంటలు ముందుగా అందరును చూడగల చోట అంటింపవలెను. పత్రములో లేని విషయముపై, అత్యవసరమైననే తప్ప, తీర్మానము చేయరాదు. ఎవరైనను లేచి పత్రములో లేని కష్టము చెప్పుకొన్నచో సభ్యులు వినవచ్చును. ఆ రాత్రికి నిర్ణయము మాత్రముండదు. పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు తమ తరగతిలో చెప్పదగిన చట్టమిది. ఊరివారికి తెలియకుండ ఊరి సంగతి తేల్చరాదను ఒక సామాన్యధర్మము గోడకంటించిన కాగితముముక్కగా ఇందులో కానవచ్చును. అయితే ఆ కాగితపు మహిమ ఊరి పొలిమేరతో సరి. రాష్ట్ర ప్రభుత్వము ఊరి తలవ్రాతను మార్చదలచినప్పుడు 72 గంటల ముందు సూసన్‌విల్ గోడమీద ఏ కాగితమును అంటింపనక్కరలేదు.

చెరసాల ఈ ఊరికి ఎట్లు వచ్చినదో చెప్పవలెనన్న ముందు కఱ్ఱపెట్టెల కథ చెప్పవలెను. 1913లో ఇచ్చటికి రైలు వచ్చినది. అడవి ఎట్లును ఉన్నది. రైలు, అడవి రెండును చేరినచోట కలపకోత మిల్లులు వెలసినవి. వానిలో పెద్దది ఒకటి దక్షిణ కాలిఫోర్నియాలో నారింజ, నిమ్మ పండించు రైతుల సహకార సంస్థకు అనుబంధమైనది. సన్‌కిస్ట్ అను ముద్రతో ప్రపంచమంతట పండ్లు అమ్మిన సంస్థయే యిది. పండ్లెక్కడో వందల మైళ్ల దక్షిణమున పండును. వానిని నింపు కఱ్ఱపెట్టెలు ఈ చలికొండల నడుమ పుట్టును. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఎవరో పండ్లకు అట్టపెట్టెలు చాలునని కనుగొనిరి. నారింజపండుకు కలిగిన నష్టమేమియు లేదు. కాని సూసన్‌విల్‌లో ఆ మిల్లు 1960 దశాబ్దపు తొలి సంవత్సరములలో మూతపడెను. మిగిలిన కడపటి పెద్ద మిల్లు 2004లో మూతపడెను. నాడు కలపను మోసిన రైలుదారి నేడు పట్టాలు తీసివేయగా, ఏటి ఒడ్డున విహారము చేయువారికి ఇరువదియైదు మైళ్ల కాలిబాటయైనది. చూచుటకు చాల అందమైన బాట. బాటసారులను నమ్ముకొని బ్రతుకుట మాత్రము ఊరికి సాధ్యమగునది కాదు.

మిల్లు మూతపడిన ఆ కాలములోనే, 1963లో, ఊరికి తూర్పున ఎనిమిది మైళ్ల దూరమున రాష్ట్రప్రభుత్వము ఒక కారాగారమును తెరచినది. దాని పేరు కాలిఫోర్నియా కరెక్షనల్ సెంటర్. నల్లని బండరాళ్ల కోటవంటి జైలును ఊహించుకొనరాదు. తక్కువ ప్రమాదకరులని తోచిన ఖైదీలను ఇచ్చటికి తెచ్చి, అడవిపనిలోను, కార్చిచ్చు నార్పుటలోను శిక్షణ యిచ్చి, ఉత్తర కాలిఫోర్నియాలోని అటవీ శిబిరములకు పంపుట దాని ముఖ్యోద్దేశము. నారింజ రంగు దుస్తులు ధరించి, గొడ్డళ్లు, పారలు చేతబట్టి, మంటకు ముందుగా పోయి పొదలు నరికి, నేలగీకి, అగ్ని దాటలేని గీత గీయుట వారి పని. 2021 నాటి లెక్కనుబట్టి వారికి దినమునకు కొలది డాలర్ల కూలి, మంటలతో పోరాడు గంటలకు గంటకొక డాలరు అదనముగా ముట్టుచుండెను. అదే పనికి జీతపు సిబ్బందికి ముట్టునది దీనితో పోల్చదగినది కాదు. ఇంతవరకు చూచిన యెడల ఊరికిని చెరసాలకును గల సంబంధములో ఎబ్బెట్టుగా తోచునది అంతగా లేదు. అడవి ఉన్నచోట అడవిపని నేర్పుచున్నారు.

1980 తరువాత కథ మారెను. శిక్షలు కఠినములైనవి. మూడవమారు నేరము చేసినవానికి యావజ్జీవమువంటి శిక్ష విధించు చట్టము 1994లో వచ్చినది. 1984 మొదలు రెండు దశాబ్దములలో ఆ రాష్ట్రము ఇరువదికి పైగా కొత్త కారాగారములు కట్టెను. భూమి చవుకగా దొరకి, పనులు లేక పెద్దలు నెత్తిన చేతులు పెట్టుకొని కూర్చున్న చిన్న ఊళ్లే వానికి తగిన స్థలములుగా కనబడినవి. సూసన్‌విల్‌లో పాత చెరసాల ప్రక్కనే 1995లో రెండవది తెరచిరి. ఇది హై డెజర్ట్ కారాగారము, కఠినశిక్షితుల కొరకు కట్టినది. దక్షిణముగా హెర్లాంగ్ అనుచోట కేంద్రప్రభుత్వమువారి కారాగారము 2007లో వచ్చెను. ఆ యేడే ఈ ఊరిని గూర్చి ‘ప్రిజన్ టౌన్, యు.ఎస్.ఎ.’ అను డాక్యుమెంటరీ చిత్రము వెలువడినది. అప్పటికి ఊరి పేరుకు ముందు చెరసాల మాట విశేషణమై కూర్చున్నది.

ఇక జనాభా లెక్కలు చూడుడు. లెక్కలబడి విద్యార్థికి ఇది మంచి అభ్యాసము. 1990లో సూసన్‌విల్ జనాభా 7,279. 2000లో 13,541. 2010లో 17,947. ఇరువదియేండ్లలో రెండింతలు మించి పెరిగిన ఊరిలో కొత్త వీధులు, కొత్త బడులు, పెండ్లిండ్ల సందడి ఉండవలెను గదా! ఉండలేదు. చెరసాలల నేల నగరపు హద్దులలోనిది గనుక ఖైదీలు కూడ నగరవాసులుగా లెక్కకెక్కిరి. 2010లో నగరవాసులలో సగమునకు కొంచెము తక్కువగా కటకటాల వెనుకనున్నవారే. వారు ఊరి అంగడిలో ఉప్పు కొనలేదు, ఊరి బడికి పిల్లలను పంపలేదు, శిక్షాకాలములో ఓటు హక్కు లేదు గనుక కౌన్సిలు సభ్యులలో ఎవరు మంచివారో తేల్చవలసిన పనియు వారికి లేదు. కాని రాష్ట్రము వసూలుచేయు పెట్రోలు పన్నులో నగరములకు పంచు భాగము వంటివి జనాభానుబట్టి లెక్కకట్టబడును. కదలలేని మనుష్యుల తలలు ఊరి రోడ్లకు తారు పోయించినవి. శాసనసభా నియోజకవర్గములను విభజించునప్పుడు మాత్రము ఖైదీలను వారి పూర్వపు చిరునామాలలో లెక్కింపవలెనను నియమము 2020 జనాభా లెక్కల తరువాత అమలులోనికి వచ్చినది.

తలల లెక్కకంటె జీతముల లెక్క పెద్దది. పాత చెరసాలలో వెయ్యిమందికి పైగా ఉద్యోగులు ఉండిరి. రాష్ట్రప్రభుత్వపు జీతము, పింఛను, వైద్యసహాయము గల ఉద్యోగములు. ఆ కొండలలో అట్టివి వేరే దొరకవు. ఒక వార్డరు బదిలీయైనచో పోవునది అతడొక్కడే కాదు. అతని భార్య ఆసుపత్రిలో నర్సో, బడిలో ఉపాధ్యాయినియో అయివుండవచ్చును. పిల్లలు ఇద్దరు ముగ్గురు బడి మానుదురు. కాలిఫోర్నియాలో బడులకు రాష్ట్రమిచ్చు ధనము, పేరు నమోదైన పిల్లలనుబట్టి కాక, సగటున దినదినము హాజరగు పిల్లలనుబట్టి వచ్చును. హాజరుపట్టీలో ఒక పేరు తగ్గినచో ఆ మేరకు బడి రాబడి తగ్గును. కాని తరగతికొక ఉపాధ్యాయుడు, గదికొక దీపము కావలసినదే గదా! ముప్పదిమంది ఉండవలసిన గదిలో ఇరువదియారుగురు కూర్చున్నచో నలుగురి ధనము పోవును, ఖర్చు మాత్రము పోదు. ఊరిలోని కళాశాలకు కూడ జైలులోని విద్యార్థులు గణనీయమైన సంఖ్యలో ఉండిరి. పాఠము చెప్పి జీవించువారు ఈ కథలో తమకు సంబంధించినదేమియు లేదని అనుకొనరాదనియే ఇంత చెప్పితిని.

2021 ఏప్రిల్ 13న ప్రకటన వెలువడినది. కాలిఫోర్నియా కరెక్షనల్ సెంటర్‌ను 2022 జూన్ 30 నాటికి మూసివేయుదురు. సంవత్సరమునకు సుమారు 12 కోట్ల 20 లక్షల డాలర్లు మిగులునని ప్రభుత్వపు అంచనా. ఉద్యోగులకు ఇతర కారాగారములలో చోటు చూపుటకు ప్రయత్నింతురు. అటవీ శిబిరములను మాత్రము మూయరు.

ప్రభుత్వము వైపు కారణములు బలహీనమైనవి కావు. 2006లో ఆ రాష్ట్రపు చెరసాలలలో దాదాపు 1,73,000 మంది క్రిక్కిరిసి ఉండిరి. వ్యాయామశాలలలో మూడంతస్తుల మంచములు వేసి పండుకొనబెట్టిరి. ఆ ఇరుకులో వైద్యము అందక మనుష్యులు చచ్చుచుండగా, ఇది క్రూరశిక్షయేయని సుప్రీంకోర్టు 2011 మే నెలలో తీర్పు చెప్పి సంఖ్య తగ్గింపుమనెను. తేలికపాటి నేరస్థులను జిల్లా జైళ్లకు మరల్చిరి. 2014లో ప్రజలే ఓటువేసి చిన్న దొంగతనముల శిక్షలు తగ్గించిరి. ఆ మీదట కరోనా వచ్చినది. 2021 నాటికి లక్షకు లోపు ఖైదీలు మిగిలిరి. ఖాళీ మంచములకు కాపలా కాయుట ఎందులకని ఖజానా అడుగును. ప్రభుత్వపు లెక్కలు పరిశీలించు శాసనసభా కార్యాలయము అయిదు చెరసాలలవరకు మూయవచ్చునని 2020లోనే చెప్పియుండెను.

ఇచ్చట పాఠకుడు ఒక్క క్షణము ఆగి ఆ కౌన్సిలు సభ్యుల స్థానములో కూర్చుండి చూడవలెను. మిల్లు మూతపడినచో ఊరివారు నిస్సంకోచముగా ఏడ్వవచ్చును. పెట్టెలు చేయుట నేరము కాదు. చెరసాల మూతపడుచున్నదనిన అర్థమేమి? చెరలో ఉండవలసినవారు తగ్గిరని. ఏ దేశములోనైనను ఇది శుభవార్త. వానలు కురియవలెనని, పంటలు పండవలెనని ఊళ్లు ప్రార్థించును. ఆ ఊరు ఏమని ప్రార్థింపవలెను? బహిరంగసభలో మైకుముందు నిలిచి, మా పిల్లల బడి నడువవలెనన్న ఎవరి పిల్లలో ఇచ్చట బంధింపబడి యుండవలెనని ఎట్లు చెప్పవలెను? ఆ మాట అట్లు చెప్పుట ఎవరికిని రాదు. అందువలన ఉద్యోగములనిరి, అన్యాయమనిరి, మమ్ము సంప్రతింపలేదనిరి. ఇవన్నియు నిజములే. చెప్పరాని మాట చుట్టును ఈ నిజములు నిలిచి దానిని మరుగుపరచినవి.

కౌన్సిలు న్యాయస్థానమునకు పోవ నిశ్చయించెను. 2021 వేసవిలో ఆ జిల్లాయగు లాసెన్ కౌంటీ న్యాయస్థానములో రాష్ట్రముపై దావా వేసిరి. చిన్న నగరము తన సొంత పన్నుల సొమ్ముతో పెద్ద రాష్ట్రముపై వ్యాజ్యము నడుపుట తేలిక విషయము కాదు. వారికి దొరకిన ముఖ్యాయుధమేది? 1970లో నాటి గవర్నరు రొనాల్డ్ రీగన్ సంతకముచేసిన పర్యావరణ పరిరక్షణ చట్టము! ఏదైన పెద్ద పని తలపెట్టునప్పుడు నేలకు, నీటికి, గాలికి కలుగు మార్పులను ముందుగా విచారించి ప్రకటింపవలెనని ఆ చట్టము చెప్పును. ఆనకట్టలకును, కర్మాగారములకును పెట్టిన ఆ పరీక్షను చెరసాల మూసివేతకును పెట్టవలెనని నగరము వాదించెను. చెట్లను కాపాడుటకు చేసిన చట్టము కటకటాలను కాపాడుటకు వచ్చిన ఈ వైచిత్రికి నవ్వు వచ్చును. కాని చేతిలో కఱ్ఱ లేనివాడు గొడుగుతోనైనను కొట్టును గదా. రెండవ వాదము నాకు ఎక్కువ గౌరవనీయముగా తోచినది. చెరసాలలను మూయునప్పుడు నిర్వహణవ్యయము, ఉద్యోగులపై ప్రభావము, ఖైదీల సంస్కరణ, కట్టడములపై పెట్టిన దీర్ఘకాలపు పెట్టుబడి మొదలగువానిని ఆలోచింపవలెనని రాష్ట్రపు శిక్షాస్మృతిలోనే యున్నది. ఆలోచించితిరా, అయినచో చూపుడని నగరము అడిగెను. ఈ ప్రశ్న అడుగుటకు ఊరికి హక్కున్నది. సమాధానము రాష్ట్రమునకు అనుకూలముగా ఉన్నను, ఉండకపోయినను.

న్యాయమూర్తి ఆ వేసవి చివర తాత్కాలిక నిషేధాజ్ఞ ఇచ్చెను. మూసివేత పనులు ఆగినవి.

ఆ వేసవియే మరియొక సంగతి జరిగినది. జూలై నెలలో ఊరికి నైఋతిదిశగా కొండలోయలో అంటుకొన్న ‘డిక్సీ’ కార్చిచ్చు ఆగస్టు తొలివారములో గ్రీన్‌విల్ అను చిన్న ఊరిని బూడిదచేసి, సూసన్‌విల్ దిక్కుగా పెరుగుచు వచ్చెను. ఆరునప్పటికి దాదాపు 9,63,000 ఎకరములు కాలినవి. సూసన్‌విల్ చుట్టుపట్ల వారు మూటలు కట్టుకొని సిద్ధముగా ఉండవలసిన దినములు వచ్చినవి. ఆ మంటలతో పోరాడిన వేలమందిలో ఖైదీల దళములును ఉండెను. మాకు చెరసాల కావలెనను ఊరివారి మాటకు ఆ పొగలో మరియొక అర్థము వచ్చినది. చెరసాలను వారు కేవలము జీతపు చీటీగా చూచుచుండిరని నేను అనుకొన్నచో అది అన్యాయమగును. అరువదియేండ్లుగా తమ కొండలమీద గీత గీసిన చేతులను వారు ఎరుగుదురు.

అయితే ఆ చేతుల యజమానులు ఏమనుచుండిరి? ఈ ప్రశ్న వ్యాజ్యములో చాల ఆలస్యముగా వచ్చినది. ఖైదీలలో చాలమంది ఇళ్లు దక్షిణమున ఉన్నవి. లాసేంజెలిస్ నుండి సూసన్‌విల్‌కు 500 మైళ్లకు పైమాటే. తల్లి కొడుకును చూడవలెనన్న రెండు దినముల ప్రయాణము, బసఖర్చు. పేదతల్లికి అది సంవత్సరమున కొకమారైనను కుదురునో లేదో. కట్టడములు పాతబడి, మరమ్మతులు పెరుగుచుండినవి. లోపలివారిలో కొందరు ఈ చెరసాల మూయుటయే మేలని తమ వాదమును న్యాయస్థానము ముందుంచ ప్రయత్నించిరి. న్యాయస్థానము దానిని స్వీకరింపలేదు. జనాభా లెక్కలలో నగరవాసులైన వారికి నగరపు వ్యాజ్యములో చోటు దొరకలేదు. కౌన్సిలు నడచిన దారిలో నాకు మింగుడుపడని భాగమిది. బ్రౌన్ చట్టముననుసరించి ఎవరైనను లేచి మాటాడగల ఆ గదికి ఎనిమిది మైళ్ల దూరముననే, ఊరివారుగా లెక్కకెక్కి ఎన్నడును ఆ గదికి రాలేనివారు వేలమంది ఉండిరి.

రాష్ట్రము తన పద్ధతిలో సమాధానము చెప్పెను. 2022 జూన్ నెలలో బడ్జెట్టుతోపాటు చేసిన అనుబంధ చట్టములో, ఈ మూసివేతకు పర్యావరణ చట్టము వర్తింపదని ఒక నిబంధన చేర్చి ఆమోదించిరి. వ్యాజ్యము క్రిందనున్న నేలనే తొలగించినట్లయినది. నగరపు వాదము తప్పని న్యాయస్థానములో నిరూపించుటకంటె, ఆ వాదమునకు ఆధారమైన చట్టమునుండి ఈ ఒక్క చెరసాలను తప్పించుట వారికి సుకరముగా తోచినది. ఫలితము న్యాయమే యనువాడను నేను. పద్ధతిని మాత్రము మెచ్చలేను. సెప్టెంబరు నెలలో న్యాయమూర్తి నిషేధాజ్ఞను తొలగించి వ్యాజ్యమును కొట్టివేసెను. 2023 జూన్ 30న, మొదట అనుకొన్న తేదీకి సరిగా ఒక సంవత్సరము తరువాత, చెరసాల మూతపడెను. సొంత సొమ్ము ఖర్చుపెట్టి నగరము సంపాదించినది ఆ ఒక్క సంవత్సరము.

ఊరు మాయమై పోలేదు. ప్రక్కనున్న రెండవ కారాగారము నడచుచున్నది. కొందరు ఉద్యోగులు అందులో చేరిరి. కొందరు ఇల్లు అమ్ముకొని దక్షిణమునకు పోయిరి. అందరును ఒక్కమారు అమ్మజూపిన ఊరిలో ఇంటికి వచ్చు ధరయెంతో చెప్పనక్కరలేదు. కౌన్సిలు ఎప్పటివలెనే సమావేశమగుచునే యున్నది. గొట్టములు పగులుచునే యుండును, మంచు కురిసిన రోడ్లు చిట్లుచునే యుండును.

సూసన్‌విల్ కథ విన్న ఇతర చిన్న ఊళ్లకు నిద్ర తగ్గినది. ఆ రాష్ట్రపు ఆగ్నేయపు కొసన, ఆరిజోనా సరిహద్దు ఎడారిలో బ్లైథ్ అను పట్టణము కలదు. దాని సమీపములోని చకవాలా చెరసాలను మూయుదుమని 2022 డిసెంబరులో ప్రకటన వచ్చినది. బ్లైథ్ పెద్దలు దావా వేయలేదు. మరియొక ఉపాయము పన్నిరి. మా చెరసాలకంటె నార్కో పట్టణములోని చెరసాల పాతది, శిథిలమైనది, ముందు దానిని మూయుడని ప్రచారము సాగించిరి. నార్కోలోనిది ఒకప్పుడు ధనవంతుల విలాస హోటలుగా కట్టిన ఆవరణ. నార్కో కొంత పెద్ద నగరపు పొరుగున ఉన్నది గనుక దెబ్బకు ఓర్చుకొనగలదని వారి తర్కము. ఎడారిలో నున్న ఒక ఊరు తన అన్నము దక్కించుకొనుటకు ఇంకొక ఊరి కంచమును చూపించవలసి వచ్చినది. ఫలింపలేదు. చకవాలా 2024 నవంబరులో మూతపడెను. నార్కోలోని చెరసాలను 2026లో మూయుదుమని 2025లో ప్రభుత్వము ప్రకటించెను. బ్లైథ్‌వారికి దీనివలన ఒరిగినదేమియు లేదు.

సూసన్‌విల్ 2020 జనాభా 16,728. అందులో పాత చెరసాలలోని తలలు కూడ కలిసియున్నవి. అమెరికాలో తరువాతి జనాభా లెక్కల దినము 2030 ఏప్రిల్ 1. ఆ దినమున లెక్క వ్రాయువారు ఊరికి తూర్పున ఎనిమిది మైళ్లు పోయి, ఒక ఆవరణను దాటిపోయి, రెండవ ఆవరణలో మాత్రమే తలలు లెక్కింతురు. ఆ సంఖ్య వచ్చిన పిమ్మట పెట్రోలు పన్నులో తమ భాగమెంత తగ్గినదో తెలిపెడి కాగితము ఒకటి కౌన్సిలు ముందుకు వచ్చును. దానిని మాత్రము 72 గంటలు ముందుగా అంటింతురు.